మురళీనగర్ ఇంటి అమ్మకం: ఉమ్మడి ఖర్చుల్లో ఏది అందరిది, ఏది ఒక్కరిది?

మురళీనగర్ ఆడపడుచు:

అందరికీ నమస్కారం. విశాఖపట్నం మురళీనగర్‌లో నాన్నగారి పేరిట ఉన్న 200 గజాల స్థలాన్నీ, అందులోని పాత డాబా ఇంటినీ అమ్మేయాలని మేము ముగ్గురం, అంటే అన్నయ్య, నేను, అమెరికాలో ఉంటున్న తమ్ముడు, ఒక మాటకు వచ్చాం. ధర కోటీ ఎనభై లక్షలకు కుదిరింది. నాన్నగారు ముందే పోయారు, అమ్మ పోయి ఎనిమిదేళ్లయింది, ఇద్దరూ వీలునామా రాయలేదు. తలా మూడో వంతు అన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఖర్చుల దగ్గరే వచ్చింది.

అన్నయ్య మొదటి నుంచీ ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. కొనేవారు బయానా ఇవ్వడానికి వస్తామన్నాక ఒక చిట్టా తీసి మా ముందు పెట్టాడు. ఎనిమిదేళ్ల ఇంటి పన్ను 1,10,000, కారుతున్న శ్లాబు బాగు చేయించినందుకు 3,20,000, ప్రహరీ గోడ, గేటు 1,90,000, బోరు 1,30,000, లోపల రంగులు, చెక్క బీరువాలు 1,70,000, బ్రోకరుకు ఇవ్వాల్సినది 1,80,000, ఈసీలు (ఆస్తి మీద తాకట్టు, అమ్మకం లావాదేవీలు చూపే పత్రాలు), కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వకీలు ఫీజు కలిపి 40,000, చివరి పద్దు ‘తిరుగుడు, శ్రమ’ అని 2,60,000. మొత్తం పద్నాలుగు లక్షలు తేలింది. దీన్ని నేనూ తమ్ముడూ చెరి ఏడు లక్షల చొప్పున మా వాటాల్లోంచి వదులుకోవాలని అన్నయ్య అంటున్నాడు.

ఇంటి వెనక వాటాను ఐదేళ్లపాటు నెలకు ఏడు వేల చొప్పున అద్దెకు ఇచ్చిన సంగతి మాత్రం ఆ చిట్టాలో ఎక్కడా లేదు. అది అడిగితే వదిన ముఖం మాడ్చుకున్నారు. పుట్టింటివారితో మాట తేడా తెచ్చుకోవడం నాకిష్టం లేదు, అలాగని లెక్కలేకుండా ఏడు లక్షలు వదులుకునే స్తోమతా మాకు లేదు. వీటిలో ఏవి ముగ్గురమూ భరించాలో, ఏవి అన్నయ్యవో తెలిసినవారు చెప్పగలరు.

కంచరపాలెం మాస్టారు:

అమ్మా, ఏ పద్దు న్యాయం, ఏది కాదు అన్నది తరవాత చూద్దాం. ముందు మీ అన్నయ్యగారు వేసిన కూడికలోనే తిరకాసు ఉంది. ఆ పద్నాలుగు లక్షలూ ముమ్మాటికీ ఉమ్మడి ఖర్చే అనుకున్నా, అందులో ఆయన వంతు కూడా మూడో భాగం ఉంటుంది కదా. మీ ఇద్దరూ చెరి ఏడు ఇస్తే ఆయన చేతికి 74 లక్షలు, మీకు 53, మీ తమ్ముడికి 53 వస్తాయి. ఆయన పెట్టిన 14 తీసేస్తే ఆయనకు నికరంగా 60 మిగులుతుంది, అంటే ఉమ్మడి ఖర్చులో ఆయన పైసా కూడా భరించలేదని అర్థం.

సరైన పద్ధతిలో వచ్చిన సొమ్ములోంచి ఉమ్మడి ఖర్చును ముందే తీసి, మిగిలినదాన్ని మూడు భాగాలు చేయాలి. 180లో 14 పోతే 166, తలా 55.33 లక్షలు. అంటే ఆయన చిట్టాను అక్షరం మార్చకుండా ఒప్పుకున్నా మీ మీద పడేది ఏడు లక్షలు కాదు, నాలుగు లక్షల అరవై ఆరు వేల చిల్లర. పంపకాల్లో ఈ పొరపాటు నేను చాలా ఇళ్లలో చూశాను, చాలాసార్లు అందులో దురుద్దేశం ఉండదు, కాగితం మీద వేసి చూపిస్తే ఒప్పుకుంటారు. కాబట్టి మీ అన్నయ్యగారిని దొంగలెక్క వేశావని అనకండి, ఈ నాలుగు అంకెలూ చూపించండి.

మధురవాడ మధ్యవర్తి:

నేను స్థలాల క్రయవిక్రయాలు చూస్తుంటాను. కమీషన్ గురించి ఒక మాట. అమ్మేవారు అమ్మేవారి వైపు, కొనేవారు కొనేవారి వైపు ఇస్తారు, ఎంతన్నది ముందే మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటుంది. మీ చిట్టాలో ఉన్నది సరిగ్గా ఒక శాతం, అది ఎక్కువేమీ కాదు. అయితే మీ అన్నయ్యగారు ఒక్కరే మాట ఇచ్చారా, మీ ఇద్దరికీ ముందే తెలుసా అన్నది అడగండి. తెలిసి ఊరుకుంటే అది ముగ్గురి ఖర్చే. ఆ బ్రోకరు తెచ్చిన గిరాకీతోనే ముగ్గురి వాటాలూ అమ్ముడవుతున్నాయి కనుక, మాకు చెప్పలేదని తప్పుకోవడం కూడా అంత బాగుండదు.

స్టాంపు డ్యూటీ విషయంలో ఇంకెవరూ మిమ్మల్ని బెదిరించకుండా చెబుతున్నాను. వేరే ఒప్పందం లేకపోతే అది కొనేవారిదే. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, అన్నీ కలిపి 7.5 శాతం వారే కట్టుకుంటారు. అమ్మకందారుల చిట్టాలో ఆ ఊసే రాకూడదు.

డాబాగార్డెన్స్ వకీలు:

మాస్టారు గారి లెక్క సరైనదే. ఇక పద్దుల్లోకి వస్తాను. ఉమ్మడి ఆస్తి కోసం ఒకరు పెట్టిన ఖర్చును మిగిలినవారి దగ్గర రాబట్టుకోవడానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో రెండు దారులున్నాయి. ఇంకొకరు చట్టరీత్యా కట్టాల్సిన సొమ్మును, తన ప్రయోజనం కూడా అందులో ఇమిడి ఉన్నందువల్ల ఒకరు కడితే, తిరిగి అడగవచ్చునని 69వ సెక్షన్ చెబుతుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని ఫలితాన్ని ఇంకొకరు అనుభవిస్తే, వారు పరిహారం ఇవ్వాలని 70వ సెక్షన్ చెబుతుంది.

ఇంటి పన్ను మొదటి కోవకు వస్తుంది. నగరపాలక సంస్థ రికార్డులో ఇప్పటికీ మీ నాన్నగారి పేరే ఉన్నా పన్ను బాధ్యత వారసులందరిదీ. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం అమ్మకం తేదీ వరకు ఉన్న ప్రభుత్వ బకాయిలు తీర్చాల్సింది అమ్మేవారే కాబట్టి, ఆయన ఏటా కట్టకుండా వదిలేసి ఉంటే ఆ మొత్తం ఇప్పుడు వడ్డీతో మీ ముగ్గురి నెత్తినా పడేది. నివాసం ఉన్నది ఆయనే కదా, పన్నూ ఆయనదే అన్న వాదన వినడానికి బాగుంటుంది కానీ నిలబడదు. కరెంటు బిల్లు, నీటి బిల్లు అలా కాదు, వాడుకున్నవారే కట్టుకోవాలి.

శ్లాబు, ప్రహరీ రెండో కోవకు వస్తాయి. శ్లాబు కారితే ఇల్లు దెబ్బతింటుంది, ప్రహరీ లేకపోతే పక్కవాళ్లు మీ స్థలంలోకి జరుగుతారు. ఎలాగూ కొనేవారు ఇల్లు పడగొట్టేస్తారు కాబట్టి శ్లాబు ఖర్చు దండగ అని మీ తమ్ముడు అనవచ్చు. అప్పటికి ఆ మరమ్మతు అవసరమా కాదా అన్నదే చూడాలి. లోపలి రంగులు, బీరువాలు ఆయన సౌకర్యం కోసం చేయించుకున్నవి, వాటికి మీరు బాధ్యులు కారు. బోరు మీద రెండు వైపులా వాదించవచ్చు.

మీ అన్నయ్య ఆ ఇంట్లో ఉన్నందుకు అద్దె ఇవ్వాలని మాత్రం అడగకండి. సహయజమాని తన ఉమ్మడి ఇంట్లో ఉంటే, మిగిలినవారిని రానివ్వకుండా అడ్డుకుంటే తప్ప, సాధారణంగా అద్దె బాకీ పడడు. బయటివారి నుంచి వసూలు చేసిన అద్దె సంగతి వేరు, అది ముగ్గురి సొమ్ము, దానికి ఆయన లెక్క చెప్పి తీరాలి.

గాజువాక స్టీలు:

అందరూ చట్టాలు ఏకరువు పెడుతున్నారు, బాగానే ఉంది. నేను కూడా తల్లిదండ్రుల దగ్గర ఉండిపోయిన కొడుకునే. ‘తిరుగుడు, శ్రమ’ అన్న పద్దును చూసి అందరికీ నవ్వు వస్తున్నట్టుంది. వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇచ్చి, తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి, లింకు దస్తావేజుల నకళ్లు తీయించి, వచ్చిన ప్రతి గిరాకీకీ తలుపు తీసి ఇల్లు చూపించినవాడికి తెలుస్తుంది ఆ పద్దు ఏమిటో. బయట ఉన్నవాళ్లు ఫోనులో ‘అన్నయ్యా, ఎంతవరకు వచ్చింది’ అని అడగడం తేలిక. అమ్మ చివరి రోజుల్లో ఎవరు చూశారన్నది కూడా ఆయన ఆ చిట్టాలో రాయలేదు, అది గమనించారా?

మురళీనగర్ ఆడపడుచు:

గాజువాక వారికి నమస్కారం. మీ మాటలో కోపం ఉన్నా న్యాయం కూడా ఉంది. అమ్మను అన్నయ్యా వదినా కంటికి రెప్పలా చూసుకున్నారు, అది నేను ఎప్పుడూ కాదనలేదు. ఆసుపత్రి ఖర్చులు అప్పట్లోనే ముగ్గురం పంచుకున్నాం కాబట్టి అవి చిట్టాలో లేవు. శ్రమకు ఏదో ఒకటి ఇవ్వాలన్న ఆలోచన నాకూ ఉంది, కానీ దాన్ని హక్కుగా, అదీ రెండు లక్షల అరవై వేలని అంకె వేసి అడగడమే నాకు మింగుడు పడలేదు. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే ఆయన చెప్పలేదు.

పెదవాల్తేరు పాతకాపు:

ఆ అంకె ఎలా వచ్చిందో నేను చెబుతాను. మొత్తాన్ని పద్నాలుగు లక్షలకు సరిపెట్టడానికి వచ్చింది.

డాబాగార్డెన్స్ వకీలు:

పాతకాపు గారి చమత్కారాన్ని అలా ఉంచి, శ్రమ గురించి చట్టం చెప్పేది ఇది. ముందుగా ఒప్పందం లేకపోతే, సహయజమాని తన సొంత ఆస్తి కూడా ఉన్న చోట పడ్డ కష్టానికి జీతం అడగలేడు. ఇవ్వాలనిపిస్తే అది మీ ఇష్టపూర్వకమైన కానుక. అలా ఇచ్చేటప్పుడు ‘శ్రమకు ప్రతిఫలం’ అని రాయకుండా, అన్నగారికి ఇష్టపూర్వకంగా ఇస్తున్నామని విడిగా రాసుకుంటే ఎవరికీ తక్కువ చేసినట్టు ఉండదు.

అక్కయ్యపాలెం నుంచి అట్లాంటా:

నేను మీ తమ్ముడి లాంటి స్థితిలోనే ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను. విదేశం నుంచి పంపే పవరాఫ్ అటార్నీ ఖర్చు, దాన్ని ఇక్కడ స్టాంపు వేయించే ఖర్చు, అమ్మకం సొమ్ములోంచి కొనేవారు ముందే కోసే పన్నును తగ్గించుకునే ధ్రువపత్రానికి ఆడిటరు ఫీజు, ఇవి ఎవరివి? నా సంతకం లేకపోతే అమ్మకమే జరగదు, అలాంటప్పుడు అది అందరి అవసరమే కదా అని నేను మా అక్కతో వాదించి ఓడిపోయాను.

పన్నుల పద్దు:

మీ అక్కగారిదే న్యాయం. సంతకం అందరూ పెట్టాల్సిందే, ఇక్కడున్నవారు ఆటో ఎక్కి రిజిస్ట్రారు ఆఫీసుకు వస్తారు, మీరు రాలేకపోవడం వల్ల అయ్యే ఖర్చు మీది. ఆ పవరాఫ్ అటార్నీ మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి, అది దాటితే చిక్కు. నేను ఇలాంటి చోట పెట్టుకునే గీటురాయి ఒకటే: ఆ మనిషి స్థానంలో వేరొకరు ఉంటే ఈ ఖర్చు వచ్చేదా? వచ్చేదే అయితే అది ఆస్తి ఖర్చు, లేకపోతే ఆ మనిషి ఖర్చు.

ఆదాయపు పన్ను ఎప్పటికీ ఆస్తి ఖర్చు కాదు. ఇది చాలామందికి అర్థం కాక, మూలంలో కోసిన పన్నును (టీడీఎస్) కూడా ఉమ్మడి చిట్టాలో వేస్తారు. ఇక్కడ నివాసం ఉన్న అన్నాచెల్లెళ్లకు కొనేవారు ఒక శాతం, అంటే తలా అరవై లక్షల మీద అరవై వేలు, ఎవరి పాన్ మీద వారికి కోసి జమ చేస్తారు. 2024 అక్టోబరు నుంచి యాభై లక్షల పరిమితిని ఒక్కొక్కరి వాటాకు కాకుండా మొత్తం ధరకు చూస్తున్నారు కనుక, వాటా చిన్నదైనా కోత తప్పదు. ఆ సొమ్ము పోయినట్టు కాదు, రిటర్నులో కలిసి వస్తుంది.

తమ్ముడి పరిస్థితి వేరు. ఆయన ప్రవాసి కనుక తగ్గింపు ధ్రువపత్రం తెచ్చుకోకపోతే కొనేవారు ఆయన అరవై లక్షల మీద 12.5 శాతం, అంటే ఏడున్నర లక్షలు, దాని పైన సెస్సు, వర్తిస్తే సర్‌చార్జీ కోయాలి. అసలు పన్ను లాభం మీదే అయినా కోత మాత్రం మొత్తం ధర మీద పడుతుంది. అంతేకాదు, 2024 జులై 23కు ముందు సంక్రమించిన ఇళ్లకూ స్థలాలకూ ద్రవ్యోల్బణ సర్దుబాటుతో (పాత కొనుగోలు ధరను పెరిగిన ధరల మేరకు పెంచి లాభం లెక్కిస్తూ) 20 శాతమా, సర్దుబాటు లేకుండా 12.5 శాతమా అని తేల్చుకునే వెసులుబాటు ఇక్కడ నివాసం ఉన్నవారికే ఉంది. ఒకే ఇల్లు, ఒకే వాటా అయినా ముగ్గురి పన్ను ఒకలా ఉండదు.

బ్రోకరు కమీషన్ లాభంలోంచి మినహాయించుకోదగ్గ ఖర్చు, ఇంటి పన్ను అలాంటిది కాదు. కాబట్టి కమీషన్‌ను అన్నయ్యగారు ఒక్కరే నగదుగా ఇచ్చేసి తరవాత వసూలు చేసుకునే బదులు, ముగ్గురూ తలా అరవై వేలు తమ బ్యాంకు ఖాతాల నుంచి ఇచ్చి రశీదు తీసుకోవడం మేలు.

మురళీనగర్ ఆడపడుచు:

ఇన్ని విషయాలు చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. ఒకవేళ అన్నయ్య ఏదీ ఒప్పుకోకుండా సంతకం పెట్టనని కూర్చుంటే ఏమవుతుందో కూడా వకీలు గారు చెబితే బాగుంటుంది. అంతదాకా రానివ్వను, కానీ తెలిసి ఉండటం మంచిది కదా.

డాబాగార్డెన్స్ వకీలు:

మీ మూడో వంతు మీరు విడిగా అమ్ముకోవచ్చు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. కానీ అది కుటుంబం ఉంటున్న ఇల్లు కనుక బయటివాడు వాటా కొన్నా, మీ అన్నయ్యతో కలిసి ఆ ఇంట్లో ఉండే హక్కు అతనికి రాదు. అలాంటి వాటాకు ధర పలకదు. మిగిలినది విభజన దావా. 200 గజాల ఇంటిని మూడు ముక్కలు చేయడం కుదరదని కోర్టుకు అనిపిస్తే, 1893 నాటి విభజన చట్టం ప్రకారం, సగానికి తగ్గకుండా వాటా ఉన్నవారు కోరితే అమ్మించి సొమ్ము పంచవచ్చు. మీరూ మీ తమ్ముడూ కలిస్తే మూడింట రెండు వంతులున్నాయి కాబట్టి ఆ అర్హత ఉంది. అలా కోరితే, కోర్టు కట్టిన విలువకు మీ వాటాలు తానే కొంటానని అడిగే అవకాశం ఆయనకూ ఉంటుంది. ఏళ్లు పట్టే వ్యవహారం, ఈలోపు కొనేవారు వెళ్లిపోతారు.

దానికంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, దావా వేయకుండానే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

మీ తమ్ముడి చెవిన వేయాల్సినది ఇంకొకటుంది. ఎనిమిదేళ్ల కిందటి పన్నుకు గడువు చెల్లిపోయింది కదా అని ఆయన అనవచ్చు. ఇంకొకరి తరఫున కట్టిన సొమ్ము కోసం విడిగా దావా వేయాలంటే కట్టిన తేదీ నుంచి మూడేళ్లే గడువు, అది నిజం. విభజన దావాలో మాత్రం కోర్టు పరస్పర న్యాయాన్ని చూసి సర్దుబాట్లు చేస్తుంది. పైగా మూడేళ్ల గడువు పేరుతో, అన్నయ్య కట్టిన పన్నులో తన వంతును మీ తమ్ముడు ఎగ్గొడితే, అదే నోటితో ఐదేళ్ల అద్దె అడగడం కష్టం.

నిర్వాహకులు:

వదినగారి స్వభావం మీద వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. సభ్యులు దయచేసి ఖర్చుల విషయం దాటి వెళ్లవద్దు.

మురళీనగర్ ఆడపడుచు:

నిన్న ముగ్గురం వీడియో కాల్‌లో కూర్చున్నాం. మాస్టారు గారి అంకెలు చూపించగానే అన్నయ్య కాసేపు కాగితం వైపు చూసి, చెరి ఏడు అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. పన్ను, శ్లాబు, ప్రహరీ, కమీషన్, కాగితాల ఖర్చు ఉమ్మడిగా ఒప్పుకున్నాం, అవి 8,40,000. బోరు నీళ్లు తానూ అద్దెకున్నవాళ్లూ వాడుకున్నారు కాబట్టి దాన్నీ, రంగులనూ తానే వదిలేశాడు. శ్రమ పద్దు కొట్టేశాడు, దాని బదులు నేనూ తమ్ముడూ చెరి యాభై వేలు మా ఇష్టంతో ఇస్తామన్నాం. వద్దంటూనే ఊరుకున్నాడు. అద్దె 4,20,000 లెక్కలో కలపడానికి వదిన కూడా అభ్యంతరం చెప్పలేదు. మాస్టారు గారూ, ఇప్పుడు ఎవరికెంత?

కంచరపాలెం మాస్టారు:

180కి ఆయన దగ్గరున్న అద్దె 4.20 కలిపి, 8.40 తీసేస్తే 175.80, తలా 58.60 లక్షలు. కొనేవారి సొమ్ములో మీకు 58.60, తమ్ముడికి 58.60, అన్నయ్యగారికి 62.80. ఆయన పెట్టిన 8.40 పోయి, ముందే అందిన 4.20 కలిస్తే ఆయనకూ 58.60 మిగులుతుంది. కమీషన్ ముగ్గురూ విడివిడిగా కట్టుకుంటే ఉమ్మడి ఖర్చు 6.60కి దిగుతుంది, అప్పుడు కొనేవారి సొమ్ములో మీ ఇద్దరికీ చెరి 59.20, ఆయనకు 61.60 వస్తాయి, తరవాత తలా అరవై వేలు బ్రోకరుకు. నికరం మారదు. మీ యాభై వేలు ఇందులో కలపలేదు.

పన్నుల పద్దు:

ఈ అంకెలను అమ్మకం దస్తావేజులోకి మాత్రం ఎక్కించకండి. దస్తావేజులో ముగ్గురికీ తలా అరవై లక్షలే రాయించి, కొనేవారు పన్ను కోసుకుని ఆ మేరకే మూడు ఖాతాలకు చెల్లించాలి. ఆ తరవాత మీరూ మీ తమ్ముడూ చెరి ఎనభై వేలు అన్నయ్య ఖాతాకు బదిలీ చేస్తే, కమీషన్ విడిగా కట్టుకునే మాస్టారు గారి రెండో లెక్క సరిపోతుంది. దస్తావేజులో వాటాలు ఒకలా, చెల్లింపులు ఇంకోలా ఉంటే రేపు ముగ్గురూ సంజాయిషీ చెప్పుకోవాలి. ప్రహరీ కట్టించిన ఖర్చులో మీ వంతును ఆస్తి అభివృద్ధి ఖర్చుగా చూపించుకోవచ్చు, ఆ బిల్లుల నకళ్లు మీరూ తీసి పెట్టుకోండి.

డాబాగార్డెన్స్ వకీలు:

బయానా తీసుకోక ముందే ఈ ఖర్చుల ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు చేయండి, తమ్ముడి పవరాఫ్ అటార్నీలో ఖర్చుల సర్దుబాటుకు కూడా అధికారం ఇస్తున్నట్టు ఒక వాక్యం చేర్పించండి. రిజిస్ట్రేషన్ వరకు వచ్చే ఇంటి పన్ను అర్ధ సంవత్సరపు వాయిదా ఎవరు కడతారో కూడా అందులోనే రాయండి, మీ చిట్టాలో ఆ ఒక్కటీ ఇంకా తేలలేదు.

మురళీనగర్ ఆడపడుచు:

ఆ వాయిదా నేను కడతానన్నాను. ముసాయిదా అన్నయ్యే రాయిస్తున్నాడు, రేపు చదివి పంపిస్తాను.